అత్త సొమ్ము – అల్లుడి దానం

తెలుగు సినిమాల్లో ఇంటిగలావిడకి ఎప్పుడూ ఒకటే వేషం. మొహాన కాసంత బొట్టు, నడుముకి తాళాలగుత్తి, నోటినిండా కారం. ఒకటో తారీకు తెల్లారేసరికి అద్దెకున్నవాళ్ళ గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది. చుట్టాలొస్తే తలలు లెక్కపెడుతుంది. నీళ్ళు ఎక్కువ వాడితే కుళాయి కట్టేస్తుంది. రాత్రి తొమ్మిది దాటితే గేటుకి తాళం. వారపత్రికల్లో వచ్చిన జోకులు సగం ఆవిడ పుణ్యాన బతికినవే.

ఆ జోకులకి నేనూ కడుపుబ్బ నవ్వినదాన్నే. ఎందుకంటే నా చిన్నతనమంతా బెజవాడ సత్యనారాయణపురంలో రెండుగదుల వాటాలో గడిచింది. నెలాఖరు దగ్గరపడుతూంటే మా అమ్మ మొహంలో రంగు మారేది. నాన్న జీతం రెండురోజులు ఆలస్యమైతే, పెరట్లోకి వెళ్ళడానిక్కూడా అమ్మ ఇంటిగలావిడ వంటింటి కిటికీ మూసుందో లేదో చూసుకుని వెళ్ళేది. "నాకే గనక ఎప్పుడైనా సొంతిల్లంటూ వుంటే, అద్దెకున్నవాళ్ళని ఒక్క మాటా అనను" అని పదేళ్ళప్పుడు ఒట్టు పెట్టుకున్నాను.

దేవుడు ఆ ఒట్టు గుర్తుపెట్టుకున్నాడు. ఇప్పుడు నేను ఇంటిగలదాన్ని. అదీ బెజవాడలో కాదు, కాలిఫోర్నియాలో. శాన్‌ఫ్రాన్సిస్కోకి అఖాతం ఆవలి ఒడ్డున అలమీడా కౌంటీ అని వుంది. అందులో హేవర్డ్ అనే వూళ్ళో, పైనొక వాటా కిందొక వాటా వున్న పాత ఇల్లు 2010లో ధరలు పడివున్నప్పుడు అప్పుచేసి కొన్నాం. మావారు ఉద్యోగం మానేశాక ఆ అద్దె మాకు సగం పింఛను అవుతుందని లెక్క.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది నా ఇంటి కథ కాదు. కరోనా రోజుల్లో ప్రభుత్వాలు అద్దెకున్నవాళ్ళ మీద చూపించిన దయ గురించి. ఆ దయకి డబ్బు ఎవరిచ్చారన్న సంగతి గురించి. మన పెద్దవాళ్ళు అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని ఎప్పుడో అన్నారు. ఈ విషయంలో అల్లుడెవరో, అత్త ఎవరో చదివేవాళ్ళే తేల్చాలి.

ముందుగా ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఖాళీ చేయించరాదన్న ఉత్తర్వు తప్పని నేననడం లేదు. 2020 మార్చిలో ప్రభుత్వం "ఎవరిళ్ళల్లో వాళ్ళుండండి, గడప దాటొద్దు" అంది. ఆ నోటితోనే "అద్దె కట్టలేదు గనక ఇల్లు ఖాళీ చెయ్యండి" అనడానికి వీల్లేదు. ఇల్లు పోయినవాళ్ళు ఎక్కడికి పోతారు? అక్కచెల్లెళ్ళ ఇళ్ళల్లో పదిమంది ఒకేచోట సర్దుకుంటారు. రోగం అలాంటిచోటే పాకుతుంది. కనుక ఎవర్నీ వీధిలో పెట్టకపోవడం న్యాయమూ, అవసరమూ కూడా. ఆ మాట సత్యనారాయణపురం వాటాలో పెరిగిన దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ చట్టం చేసిన తీరు చూడండి. 2020 మార్చి 27న అమెరికాలో కేర్స్ చట్టం మీద సంతకం అయింది. ఫెడరల్ ప్రభుత్వం దన్నున్న అప్పులతో కొన్న ఇళ్ళూ, దాని పథకాల్లో వున్న ఇళ్ళూ 120 రోజులపాటు అద్దె బాకీకి ఖాళీ చేయించరాదన్నారు. ఆ గడువు అయింది. సెప్టెంబరు 4 నుంచి అంటురోగాల నివారణ సంస్థ సి.డి.సి. వారు దేశం మొత్తానికి ఉత్తర్వు వేశారు. మీరితే ఒంటి మనిషికి లక్ష డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. ఎవరైనా చనిపోతే జరిమానా రెండున్నర లక్షల దాకా. ఆ ఉత్తర్వు డిసెంబరుదాకా అన్నారు. తర్వాత జనవరి అన్నారు. తర్వాత మార్చి, తర్వాత జూన్, ఆ తర్వాత జులై. మా ఇంటి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చే మేస్త్రీ కూడా ఇన్ని వాయిదాలు చెప్పడు. చివరికి 2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు తేల్చి, ఇది కాంగ్రెసు చెయ్యవలసిన పని, సి.డి.సి.ది కాదని దాన్ని ఆపేసింది. నష్టపోతున్న ఇళ్ళవాళ్ళలో చాలామంది చిన్నవాళ్ళేనని ఆ తీర్పే గుర్తించింది.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? రాష్ట్రానిది వేరే చట్టం. కౌంటీది వేరే ఆర్డినెన్సు. మా అలమీడా కౌంటీ వారిది అన్నిట్లోకీ గట్టిది. మూడు నాలుగు కారణాలు తప్ప మరే కారణానికీ ఖాళీ చేయించడానికి వీల్లేదన్నారు. 2020 మార్చిలో మొదలైనది 2023 ఏప్రిల్ 29 దాకా, మూడేళ్ళ పైచిలుకు నడిచింది. ఈలోపల బళ్ళు తెరిచారు, సినిమాహాళ్ళు తెరిచారు, విమానాలెగిరాయి, పెళ్ళిళ్ళయ్యాయి. 2023లో ఒక ఇంటాయన విసిగి కౌంటీ ఆఫీసు ముందు నిరాహారదీక్షకి కూచున్నాడు. నిరాహారదీక్ష చెయ్యడం మన సొత్తు అనుకునేదాన్ని. అమెరికాలో ఇంటి ఓనర్ల చేతా చేయించారు మహానుభావులు.

ఈ మూడేళ్ళల్లో మా రెండు వాటాల్లో ఏం జరిగిందో చెబితే తప్ప నా వాదం మీకు ఎక్కదు.

కింది వాటాలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినావిడ, ఇద్దరు పిల్లలు. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో గదులు సర్దే పని. 2020 మార్చిలో హోటలు మూతపడింది, పని పోయింది. ఆవిడ నెలనెలా ఒక కవరు పట్టుకొచ్చి మా మెయిలు పెట్టెలో వేసి వెళ్ళేది. ఒక నెల మూడొందలు, ఒక నెల నూటయాభై. కవరు మీద "మిగతాది తప్పక ఇస్తాను" అని రాసి, పక్కన చిన్న పువ్వు బొమ్మ. ఆ పువ్వు చూస్తే నాకు మా అమ్మ గుర్తొచ్చేది. ఆవిణ్ణి ఖాళీ చేయించాలన్న ఆలోచన మాకు కలలోనూ రాలేదు. దానికి చట్టం అక్కర్లేదు.

పై వాటాలో ఒకాయన. కంపెనీ ఉద్యోగం, ఇంట్లోంచే పని. జీతం ఒక్కరోజు ఆగలేదు. 2021 జనవరి నుంచి అద్దె మానేశాడు. మావారు మర్యాదగా అడిగితే, "మీరు నన్ను ఖాళీ చేయించలేరుగా" అన్నాడు. అబద్ధం కాదు, నిజమే చెప్పాడు. ఏప్రిల్లో కొత్త కారు కొన్నాడు. ఆ కారు పెట్టుకోవడానికి మా గరాజు తలుపు సరిగ్గా మూసుకోవట్లేదని నాకు ఫిర్యాదు రాశాడు. వెళ్ళి బాగుచేయించాను. బాగుచేయించకపోతే చట్టరీత్యా తప్పు నాది. అద్దె రాకపోయినా ఇల్లు బాగుచేసే బాధ్యత ఓనరుదే, దానికి మారటోరియం లేదు.

చట్టం కళ్ళకి ఆ పువ్వు బొమ్మావిడా, ఈ కొత్త కారాయనా ఒక్కటే!

సరే, అద్దె రాలేదు. మరి మాకు రావలసిన బిల్లులు ఆగాయా? బ్యాంకువారికి ఫోన్ చేశాం. "వాయిదా వేస్తాం, మాఫీ కాదు" అన్నారు. అంటే ఇవాళ పీక నొక్కం, రేపు నొక్కుతాం అని. ఇంటిపన్ను మా రాష్ట్రంలో డిసెంబరు 10న ఒక సగం, ఏప్రిల్ 10న ఒక సగం కట్టాలి. దాటితే నూటికి 10 జరిమానా. ఇన్సూరెన్సు ఏడాది ఏడాదికీ పెరిగింది. అద్దె అడగొద్దని ఉత్తర్వేసిన కౌంటీయే ఇంటిపన్ను నోటీసు పంపుతుంది. ఎడమచెయ్యి "వసూలు చెయ్యొద్దు" అంటుంది, కుడిచెయ్యి "కట్టు" అంటుంది. రెండు చేతులూ ఒకే మనిషివి.

"అయ్యో, ప్రభుత్వం అద్దె సహాయం ఇచ్చిందిగా" అంటారు తెలిసినవాళ్ళు. ఇచ్చింది. ఎప్పుడిచ్చింది, ఎలా ఇచ్చింది అన్నది కూడా వినండి. వూరుకోమన్న ఉత్తర్వు 2020 మార్చిలో రాగా, డబ్బు మంజూరైంది 2020 డిసెంబరులో 25 బిలియన్ డాలర్లు, 2021 మార్చిలో మరో 21.55 బిలియన్లు. మొత్తం 46 బిలియన్ల పైచిలుకు. చిన్న మొత్తం కాదు, దండం పెట్టాల్సిందే. కానీ 2021 జులై ఆఖరుకి అందులో జనానికి చేరింది సుమారు 5 బిలియన్లు. తొమ్మిదో వంతు! మిగతాది రాష్ట్రాల దగ్గరా, కౌంటీల దగ్గరా, ఫారాల కట్టల కింద వుండిపోయింది.

సర్కారుకి తొందరగా పనిచెయ్యడం చేతకాదా అంటే, బాగా చేతనవును. అదే కేర్స్ చట్టం కింద వ్యాపారస్థుల జీతాల ఖర్చుకని 349 బిలియన్లు పెట్టారు. ఏప్రిల్ 3న మొదలుపెడితే ఏప్రిల్ 16కల్లా మొత్తం పంపకం అయిపోయింది. రెండువారాలు తిరక్కుండా! జనానికి తలా 1200 డాలర్ల చెక్కులు ఏప్రిల్ మధ్యకల్లా బ్యాంకుల్లో పడ్డాయి. మనసు వున్నచోట మార్గం వుంటుందని మనవాళ్ళనేది ఇందుకే. అద్దె విషయంలో మాత్రం మనసు ఒకచోటా, మార్గం మరోచోటా పోయాయి.

కాలిఫోర్నియాలో ఆ సహాయం ఎలా వుండేదంటే, 2021 మొదట్లో, బాకీలో నూటికి 80 ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 20 ఓనరు వదులుకోవాలి అన్నారు. అదేం లెక్కో! గోల అయ్యాక జూన్‌లో పూర్తిగా ఇస్తామన్నారు, సంతోషం. కానీ అర్జీలో అద్దెకున్నవాళ్ళ భాగం వాళ్ళే నింపాలి. వాళ్ళ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో నూటికి 80 దాటకూడదు. మా కిందావిడ అర్జీ నేనూ ఆవిడా పక్కపక్కన కూచుని నింపాం. చాలా నెలలకి డబ్బు వచ్చింది. వచ్చిననాడు ఆవిడ మిఠాయి పెట్టె తెచ్చి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు.

మరి పైనాయన? ఆయన జీతం ఆ హద్దుకి పైన. కనుక సహాయానికి అర్హత లేదు. ఎంత చక్కని లెక్కో గమనించారా! సహాయం అందుకోవడానికి ఆయన మరీ వున్నవాడు, అద్దె మానేస్తే మాత్రం మరీ లేనివాడిలాగే చట్టం కాపాడింది. 2022 జూన్ ఆఖర్న ఒక రాత్రి ఆయనంతట ఆయనే సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. నెలకి 2200 చొప్పున పద్దెనిమిది నెలలు, 39,600 డాలర్లు. "అది మాఫీ కాలేదమ్మా, బాకీ అలాగే వుంది, కోర్టుకెళ్ళి వసూలు చేసుకోండి" అన్నారు ఆఫీసులో. చిరునామా అడిగాను. అది మా దగ్గర వుండదన్నారు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకంటారా? మన దగ్గర జరిగిందీ వినండి. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు వేసింది. కూలీల దగ్గర, వలస వచ్చినవాళ్ళ దగ్గర ఓనర్లు నెలరోజులు అద్దె అడగకూడదు. కూలీల్నీ, విద్యార్థుల్నీ ఖాళీ చేయిస్తే చర్య తప్పదు. ఏప్రిల్లో తెలంగాణ ముఖ్యమంత్రిగారు మార్చి, ఏప్రిల్, మే మూడు నెలల అద్దె వసూలు చెయ్యొద్దు, తర్వాత వాయిదాల్లో వడ్డీ లేకుండా తీసుకోండి, వేధిస్తే 100కి ఫోన్ చెయ్యండి అన్నారు. మాట బాగుంది. మా చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్‌లో మేడమీద మూడు గదులు కోచింగు పిల్లలకి అద్దెకిస్తుంది. మరిదిగారు ప్రైవేటు స్కూలు మాస్టరు, పింఛను లేదు. పిల్లలు మార్చిలో సామాను గదుల్లోనే పెట్టి, తాళాలేసుకుని వూళ్ళకి వెళ్ళిపోయారు. అద్దె లేదు, గదీ లేదు. "100కి ఫోన్ చేసే హక్కు వాళ్ళకుంది, నాకు ఏ నంబరిచ్చారే అక్కయ్యా?" అంది మా చెల్లెలు. నా దగ్గర జవాబు లేదు.

ఢిల్లీ సంగతి మరీ సొగసు. 2020 మార్చి 29నే అక్కడి ముఖ్యమంత్రిగారు, కట్టుకోలేని పేదల అద్దె ప్రభుత్వమే ఇస్తుందని నలుగురి ముందూ చెప్పారు. జనం కోర్టుకెక్కారు. 2021 జులైలో హైకోర్టు న్యాయమూర్తి, ఇచ్చిన మాట మాటే, ఏంచేస్తారో నిర్ణయించండి అన్నారు. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఇస్తానన్నవాడే కోర్టుకెళ్ళి "నేను ఇస్తానని అనలేదు" అని వాదించాడన్నమాట.

ఇక నా మీదికొచ్చే ప్రశ్నలకి నేనే జవాబు చెప్పేస్తాను.

"ఇల్లు వున్నవాళ్ళు, మీకేం లోటు?" అంటారు. అమెరికాలో నాలుగు వాటాలలోపు అద్దె ఇళ్ళు ఎక్కువభాగం కంపెనీలవి కావు, వ్యక్తులవి. నర్సులు, బస్సు డ్రైవర్లు, రిటైరైన టీచర్లు, మాబోటి మొగుడూ పెళ్ళాలు. పెద్ద కంపెనీకి వెయ్యి వాటాలుంటే యాభై అద్దెలు ఆగినా లెక్కల పుస్తకంలో ఒక గీత. రెండు వాటాలవాళ్ళకి ఒకటి ఆగితే సగం ఆదాయం పోయినట్టు. చట్టం ఈ ఇద్దర్నీ కూడా ఒకే గాటన కట్టింది.

"వ్యాపారం అన్నాక నష్టం వుంటుంది, భరించాలి" అంటారు. భరిస్తాం. ఇల్లు ఖాళీగా పడుంటే భరిస్తాం, ధర పడితే భరిస్తాం. కానీ సరుకు ఇస్తూనే వుండాలి, డబ్బు అడగకూడదు అంటే అది వ్యాపారంలో నష్టం కాదు, పన్ను. పేరు పెట్టని పన్ను. అదీ ఊరందరి మీదా కాదు, ఎవరి వాటాలో ఎవరు దిగారన్న అదృష్టాన్నిబట్టి.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి వూరుకుంటాను. కరోనా వచ్చాక మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి కోట్లాదిమందికి మనిషికి నెలకి 5 కిలోల చొప్పున ధాన్యం వుచితంగా ఇచ్చారు. ఎంత మంచి పని! ఆ ధాన్యం ఎవరిచ్చారు? ప్రభుత్వం కొని, నిలవచేసి, తన ఖర్చుతో ఇచ్చింది. సందుచివర కిరాణాకొట్టు శెట్టిగారి దగ్గరికెళ్ళి "ఈ వీధిలో అందరికీ మూడేళ్ళు బియ్యం నువ్వివ్వు, డబ్బు తర్వాత చూద్దాం, ఇవ్వకపోతే జైలు" అనలేదు. అని వుంటే శెట్టిగారు పిచ్చివాడా, నెలకల్లా కొట్టు మూసేసేవాడు. ఆకలికి వర్తించిన ఆ చిన్న న్యాయం నీడకి ఎందుకు వర్తించలేదు? కడుపుకి కూడు ఎంత అవసరమో తలకి కప్పు అంత అవసరమేగా?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. మళ్ళీ ఇలాంటి విపత్తు రాకూడదు. వస్తే, ఖాళీ చేయించొద్దన్న ఉత్తర్వూ, అద్దె డబ్బూ ఒకే కాయితం మీద, ఒకే రోజు రావాలి. అద్దె అడగొద్దన్న నెలలకి ఇంటిపన్నూ అడగకూడదు. పని పోయినవాళ్ళెవరో, కొత్త కారు కొన్నవాళ్ళెవరో చూసే కళ్ళు చట్టానికి వుండాలి. గడువు చెబితే ఆ గడువు గడువుగా వుండాలి. ఇంతే.

ఇవేవీ లేకపోతే ఏమవుతుందో మా వీధిలోనే చూశాను. మా పక్కింటి ముసలాయన, ఎదురింటి నర్సమ్మ, ఇద్దరూ అద్దెకిచ్చిన ఇళ్ళు అమ్మేశారు. ఒకటి కంపెనీవాళ్ళు కొన్నారు. ఆ కంపెనీకి కవరు మీద పువ్వు బొమ్మ వేసినా చూసే మనిషి లేదు. అద్దెకొచ్చేవాళ్ళని ఇప్పుడు జీతం రసీదులు, పాత అప్పుల చరిత్ర, పాత ఇంటి ఓనరు సర్టిఫికెట్లు అన్నీ అడుగుతున్నారు. పని పోయిన మనిషికి ఇవాళ మా వీధిలో ఇల్లు దొరకడం కరోనాకి ముందుకన్నా కష్టం. అల్లుడు దానం చేసి పేరు తెచ్చుకుని వెళ్ళిపోయాడు. అత్త ఇల్లు గుల్లయింది, దానం పుచ్చుకున్నవాళ్ళకీ చివరికి మిగిలింది తక్కువే.

పై వాటా ఖాళీ అయ్యాక మావారు "మనమూ అమ్మేద్దామోయ్, ఈ వయసులో మనకెందుకీ తలనొప్పి" అన్నారు. ఏజెంటుని కూడా పిలిచారు. ఆయన టేపు పట్టుకుని గదులు కొలుస్తూంటే, కిందావిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు. ఇంటిగలావిడ కిటికీ మూసుందో లేదో చూసుకునే మా అమ్మ మొహమే అది.

ఏజెంటుకి కాఫీ ఇచ్చి పంపించేశాను. పై వాటా ఇప్పుడు ఆవిడ చెల్లెలు తీసుకుంది. ఒకటో తారీకున రెండు కవర్లొస్తాయి. ఆవిడ వేసే పువ్వు మాత్రం ఇంకా మానలేదు.